రిపోర్టు నమూనా ప్రోగ్రాం లోపలా, బయటా? ఆ ఒక్క ప్రశ్నకి కోర్సు మార్చేయకండి

ప్రశ్న: మాది రాజాం. ధాన్యం మిల్లులో గుమస్తాని. మా అమ్మాయి బీటెక్ అయ్యాక విశాఖపట్నంలో ఉండి ఏఎస్400 అనే ఐబీఎం వ్యాపార కంప్యూటర్, దాని మీద ప్రోగ్రాములు రాసే ఆర్పీజీ భాష నేర్చుకుంటోంది. మొన్న ఇంటర్వ్యూలో రిపోర్టు లేఅవుట్ ఎక్కడ రాస్తావని అడిగారట. ప్రోగ్రాంలోనే, ‘ఓ’ (అవుట్‌పుట్) స్పెక్స్ అనే వరుసల్లో రాస్తానంటే అది పాత పద్ధతి అని పంపేశారట. అప్పట్నుంచి ఇది వదిలేసి వేరే కోర్సులో చేరతానంటోంది. ఫీజు 45 వేలు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. అమ్మాయికి సగం వచ్చు. మిగతా సగానికి ఒక నెల గట్టిగా కూర్చుంటే చాలు. అదేమిటో మీకూ చెప్తాను, ఎందుకంటే ఈ సంగతి రోజూ మీ బల్ల మీద ఉండేదే.

బిల్లు పుస్తకం ప్రెస్సులో అచ్చు వేయిస్తారు కదా. మిల్లు పేరు, ఊరు, బస్తాలు, తూకం, రేటు, మొత్తం అని గళ్లు ముందే ఉంటాయి, మీరు అంకెలు వేస్తారు. పుస్తకం అయిపోయిన రోజు తెల్లకాగితం తీసి గీతలతో సహా అన్నీ చేత్తో రాస్తారు. ఏఎస్400లో ప్రింటర్ ఫైలు అచ్చు పుస్తకం లాంటిది. ఏ గడి ఎక్కడుండాలో డీడీఎస్ అనే వేరే సోర్సులో (రాత ఫైలులో) రాసి కంపైల్ చేసి, అంటే మెషీన్‌కి అర్థమయ్యే రూపంలోకి మార్చి ఉంచుతారు. ప్రోగ్రాం లెక్క కట్టి అంకెలు అందిస్తుంది, అంతే. ఓ స్పెక్స్ తెల్లకాగితం పద్ధతి. హెడ్డింగులో ప్రతి మాటా, ప్రతి అంకె ఏ కాలమ్ దగ్గర ముగియాలన్నదీ ప్రోగ్రాంలోనే రాయాలి.

ఆర్పీజీ 1959లో ఐబీఎం 1401 కంప్యూటర్ కోసం పుట్టింది. పేరే రిపోర్ట్ ప్రోగ్రామ్ జనరేటర్, కాబట్టి నమూనా లోపలే ఉండేది. 1978లో ప్రకటించిన సిస్టమ్/38తో డీడీఎస్ వచ్చింది, 1988లో ఏఎస్400కీ అదే సంక్రమించింది.

బయట పెడితే ఏం కలిసొస్తుందో మీ ఊరి సంగతే చూడండి. 2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. రసీదు మీద జిల్లా పేరు ప్రింటర్ ఫైలులో ఉంటే అక్కడ ఒక్క మాట మార్చి, ఆ ఫైలు ఒక్కటే కంపైల్ చేస్తే సరి. ప్రోగ్రాంని ముట్టుకోనక్కర్లేదు. ఓ స్పెక్స్‌లో ఉంటే లెక్కలు కట్టే ప్రోగ్రాంనే తెరవాలి, కంపైల్ చేయాలి, లెక్క ఎక్కడా చెడలేదని మళ్లీ చూసుకోవాలి. ఆ పేరు ఎన్ని ప్రోగ్రాముల్లో ఉంటే అన్నిసార్లు.

అయితే బయట పెట్టగానే అన్నీ తేలికైపోవు, ఇది అమ్మాయికి తెలియాలి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బిల్లులో కొత్త గళ్లు చేరాయి, లెక్కా మారింది. కొత్త ఫీల్డు చేరితే ప్రింటర్ ఫైలుతో పాటు ప్రోగ్రాంని కూడా మళ్లీ కంపైల్ చేయాలి. మరిచిపోతే ఫైలు తెరిచే చోట లెవల్ చెక్ (ఫైలూ ప్రోగ్రామూ సరిపోలుతున్నాయా అని చూసే తనిఖీ) అని ఆగిపోతుంది, సీపీఎఫ్4131 అని సందేశం వస్తుంది. ఈ తేడా సొంతంగా చెప్పగలిగిన పిల్లని ఎవరూ అంత తేలిగ్గా పంపించరు.

ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ ఇవే ప్రోగ్రాములు రాశాను. ఒక ఆఫీసులో రసీదు కాగితాలు మళ్లీ అచ్చు వేయించినప్పుడు మొత్తం గడి కొంచెం కుడికి జరిగింది. ఓ స్పెక్స్‌లో ముగింపు స్థానాలు సరిచేయమన్నారు. తొమ్మిది ప్రోగ్రాములు. ఎనిమిది మార్చాను, తొమ్మిదోది నా కంట పడలేదు. నెలాఖరున ఆ రసీదులన్నింటి మీదా అంకెలు గీత మీద పడ్డాయి. పెట్టెడు కాగితం పోయింది, జనాన్ని మళ్లీ పిలిచి రసీదులు ఇవ్వాల్సి వచ్చింది. ఆ రాత్రి నుంచి నేను కొత్తగా రాసిన ఏ రిపోర్టూ లోపల పెట్టలేదు.

అలాగని అమ్మాయి నేర్చుకున్నది వృథా కాదు. ఈ రంగంలో ఫ్రెషర్ల చేతికి ఎక్కువగా వచ్చేది పాత ప్రోగ్రాముల మరమ్మతే. వాటిలో ఓ స్పెక్స్ కనిపిస్తూనే ఉంటాయి, చదవలేకపోతే మొదటి వారమే ఇబ్బంది. పూర్తి ఫ్రీ ఫార్మ్‌లో, అంటే కాలమ్ లెక్క లేకుండా రాసే కొత్త సోర్సులో మాత్రం ఓ స్పెక్స్‌కి చోటే లేదు. అందుకే ఆ ప్రశ్నకి ఆమె చెప్పాల్సిన జవాబు: కొత్తది బయట రాస్తాను, పాతది లోపల ఉన్నా చదివి సరిచేస్తాను. ఒకసారి చూసి పారేసే చిన్న చెక్ లిస్టు లోపల రాసినా తప్పు లేదని కూడా అనొచ్చు.

స్క్రీన్ల దగ్గర ఈ వాదన పెద్దగా లేదు. స్క్రీన్ నమూనా ఉండే డిస్‌ప్లే ఫైలు బయట ఉండటమే రివాజు, సబ్‌ఫైల్ (స్క్రీన్ మీద వరుసల జాబితా) కావాలంటే మరో దారి కూడా లేదు. సబ్‌ఫైల్ బాగా నేర్చుకోమనండి, ఇంటర్వ్యూలో తప్పక అడుగుతారు.

కోర్సు మారినా ఈ ప్రశ్న వెంటే వస్తుంది. కోబాల్ భాషలో రిపోర్ట్ సెక్షన్ ప్రోగ్రాం లోపల ఉంటుంది, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల సీఐసీఎస్‌లో స్క్రీన్ నమూనా అయిన బీఎంఎస్ మ్యాప్ బయట ఉంటుంది. జావావాళ్లు జాస్పర్ రిపోర్టుల నమూనాని వేరే ఎక్స్ఎంఎల్ ఫైలులో పెడతారు. ఒకచోట అర్థమైతే మిగతాచోట్ల పట్టుకోవడం కష్టం కాదు.

ఇక ఈ నెలలో చేయాల్సిన పని. పబ్400 అనే సర్వర్‌లో ఉచితంగా ఖాతా ఇస్తారు. అందులో మీ మిల్లు ధాన్యం చీటీనే తీసుకోమనండి: రైతు పేరు, బస్తాలు, తూకం, మొత్తం. దాన్ని ముందు ఓ స్పెక్స్‌తో, తర్వాత ప్రింటర్ ఫైలుతో రాయాలి. పేజీ నిండటం దగ్గర జాగ్రత్త. లోపలి పద్ధతిలో పేజీ నిండిందని చెప్పే ఓఏ, ఓవీ లాంటి ఇండికేటర్లు (గుర్తులు) వాడతాం, బయటి ప్రింటర్ ఫైలుకి అవి పనికిరావు, వేరేది పెట్టుకోవాలి. రెండూ అయ్యాక చీటీలో ఒక గడి జరపాలి, ఇంకో గడి చేర్చాలి. ఎక్కడెక్కడ చెయ్యి పెట్టాల్సి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోవాలి. తర్వాతి ఇంటర్వ్యూకి ఆ కాగితం వెంట తీసుకెళ్లనివ్వండి.

ఇంకో చిన్న విషయం. లక్షా పాతికవేలని, అంకె ఎలా అచ్చు పడాలో చెప్పే మామూలు ఎడిట్ కోడ్ 125,000.00 అని వేస్తుంది. మన పద్ధతిలో 1,25,000.00 రావాలంటే కామాలు ఎక్కడ పడాలో మనమే చెప్పే ఎడిట్ వర్డ్ రాయాలి. ఆమె ఇంటికొచ్చినప్పుడు రెండు చీటీలూ ప్రింటు తీసి మీ ముందు పెట్టమనండి. కామా ఎక్కడ పడాలో, అంకె గడిలో సరిగ్గా కూర్చుందో లేదో మీకంటే బాగా చెప్పేవాళ్లు ఆ ఇంట్లో ఎవరుంటారు?