ఆరేళ్ల బాబు ఇంకా పక్క తడుపుతున్నాడు

ప్రశ్న: మాది దేవరకొండ. మా బాబుకు ఆరేళ్లు. పుట్టినప్పటి నుంచీ రాత్రిళ్లు పక్క తడుపుతూనే ఉన్నాడు. మా అత్తమ్మ పొద్దున్నే అందరి ముందు తిడుతుంది. సాయంత్రం నుంచి నీళ్లు బంద్ చేశాం. బతుకమ్మకు మిర్యాలగూడలో మా అమ్మగారింటికి పోవాలంటే టెన్షన్. మందు ఉందా?

జవాబు: అమ్మా, ముందు ఆ తిట్లు ఆపించండి. బిడ్డ కావాలని చేయడం లేదు. మూత్రసంచి నిండిన సంగతి గాఢనిద్రలో వాడికి తెలియడం లేదు, అంతే. ఐదేళ్ల పిల్లల్లో నూటికి సుమారు 15 మందికి ఇది ఉంటుంది. తల్లికో తండ్రికో చిన్నప్పుడు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. ఈ మాట అత్తమ్మకూ చెప్పండి.

నేను మొదట అడిగేది విరేచనం గురించి. మలబద్ధకం ఉంటే నిండిన పేగు మూత్రసంచిని నొక్కుతుంది. చాలా ఇళ్లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. జొన్నరొట్టె, ఆకుకూర, జామపండు పెట్టండి. బడిలో మూత్రం ఆపుకుంటున్నాడేమో అడగండి. మన ఎండలకు నీళ్లు మాన్పించడం తప్పు. పగలంతా బాగా తాగించి, పడుకునే ముందు గంటా రెండు గంటలు తగ్గిస్తే చాలు. రాత్రి చాయ్ వద్దు.

డెస్మోప్రెసిన్ అనే మందు ఉంది కానీ డాక్టర్ చూడకుండా వాడకండి. పగలు కూడా తడిపినా, మంట, విపరీతమైన దాహం ఉన్నా వెంటనే మూత్రం, షుగర్ పరీక్షలు చేయించండి.

పండుగకు తప్పక వెళ్లండి. ప్లాస్టిక్ షీటు, రెండు నిక్కర్లు సంచిలో పెట్టుకుని, మీ అమ్మకు ముందే ఫోన్‌లో చెప్పండి.