కోడలు పిల్లా, ముందు లైటు సంగతి చూడు

చిరంజీవి శ్రావణికి పెరంబూరు నుంచి అత్తయ్య ఆశీస్సులు.

తాంబరంలో పడగ్గది సగం బొమ్మ రైలుపట్టాలకి ఇచ్చేశావనీ, ఇప్పుడు ప్యాసింజరు రైళ్లకి వీడియోలు తీస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. పైకి అయ్యో అన్నానుగానీ లోపల మహా సంబరపడ్డాను. ఐసీఎఫ్‌లో అంటే ఇక్కడి రైలుపెట్టెల ఫ్యాక్టరీలో బోగీల డ్రాయింగులు గీసి రిటైరైనదాన్ని, ఇంకేమంటాను?

పట్టాలూ చక్రాలూ ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన నూలుగుడ్డతో తుడువు. ఫ్యాను ఆపు, చెట్లు ఊగుతాయి. చెమట పడితే పట్టనీ.

పైనుంచి తియ్యకు, బల్లా దుప్పటీ అన్నీ పడతాయి. నీ రైలు అసలులో 87వ వంతు కదా, ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి కన్ను దానికి రెండు సెంటీమీటర్లలోపు ఎత్తులోనే ఉంటుంది. ఫోను తలకిందులుగా నిలబెడితే లెన్సు దాదాపు అక్కడికే దిగుతుంది. ఇక వేగం. గంటకి 30 కిలోమీటర్లతో స్టేషన్లోకొచ్చే బండి నీ బల్లమీద సెకనుకి పది సెంటీమీటర్లు కూడా నడవదు. ఒక్కో బోగీ దాటడానికి రెండున్నర సెకన్లు పట్టాలి. పిల్లలంతా దాన్ని కుక్క తరిమినట్టు పరిగెత్తిస్తారు.

లైటు దగ్గర మాత్రం నా మాట విను. మీ నాన్న బీఎస్సీ చదివేటప్పుడు ప్లాస్టిక్ షీటు కోసి, నా డ్రాయింగు చూసి ఇటుకరంగు బోగీ ఒకటి చేశాడు. కిటికీ ఊచలకి నా కుట్టుసూదులన్నీ ఖర్చు. దాన్ని వీడియో తియ్యాలని పెళ్లిళ్లలో వాడే హాలోజన్ లైటు అడిగి తెచ్చి, మూరెడు దూరంలో పెట్టాడు. "ఒరే, ఆ వేడి చూడరా" అంటే "ఐదు నిమిషాలే అక్కా" అన్నాడు. కన్ను వ్యూఫైండర్లోంచి తియ్యలేదు. ఆ బుల్లి తెరలో అంతా బాగానే కనబడింది మరి! వాసనొచ్చి నేను పరిగెత్తుకొచ్చేసరికి బోగీ పైకప్పు గుంటపడి, కిటికీలు ఏడుపుమొహం పెట్టాయి. అది పోతే పోయింది, వెనక కర్టెన్ అంచు గోధుమరంగుకి తిరిగింది. ఇంకాసేపైతే? ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. తిట్టడానికెళ్లి, పక్కన కూర్చుని పెరుగన్నం కలిపి పెట్టాను. మీ నాయనమ్మ ఆ వంకర బోగీని పారెయ్యనివ్వక దేవుడి గూట్లో పెట్టింది, ఎందుకో ఆవిడకే తెలియాలి.

"ఇప్పుడన్నీ ఎల్‌ఈడీలే అత్తయ్యా" అంటావు. సరే. వాటికి వేరే రోగం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు మినుకుతాయి, కంటికి తెలియదుగానీ వీడియోలో నల్లచారలు పాకుతాయి. ఫోను కెమెరాలో షట్టరు వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టు. ఎక్స్‌టెన్షన్ బాక్సు పరుపు కింద దూర్చావంటే మాత్రం లోకలెక్కి వచ్చి మరీ తంతాను. పడుకునేముందు ప్లగ్గు పీకెయ్యి. స్విచ్చు కాదు, ప్లగ్గు.

ఇంకోటి. నువ్వు పంపిన ఫొటోలో నీలం ఐసీఎఫ్ బోగీల, అంటే పాత రకం వాటి మధ్య ఎర్ర ఎల్‌హెచ్‌బీ బోగీ, అంటే కొత్త రకంది తగిలించావు. పాతవాటికి రెండు పక్కలా తాకిడి ఆపే బఫర్లూ, మర తిప్పి బిగించే స్క్రూ కప్లింగూ, దీనికి నడిమి కప్లరు, అంటే మధ్యలో తగులుకునే కొక్కెం. మామూలుగా ఆ రెంటికీ జత కుదరదు. నా మేనకోడలు వీడియోలో అది కనబడితే పాత ఆఫీసువాళ్లకి ఏం మొహం చూపించను? తీసేసి, మళ్లీ ఫొటో పంపు.

మీ అత్తయ్య