క్లబ్బులు మారుతూ ఆడే ఫుట్‌బాలర్ టర్ఫ్‌లో 5 లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: నా వయసు 28. సికింద్రాబాద్‌లో ఉంటాం. స్టాపర్ బ్యాక్‌గా ఆడతాను. ఎనిమిదేళ్లలో హైదరాబాద్ లీగ్‌లో రెండు క్లబ్బులు, తర్వాత బెంగళూరు, గోవాలలో ఒక్కోటి మారాను. ఇప్పుడు కోల్‌కతా లీగ్‌లో ఒక చిన్న క్లబ్‌కు ఆడుతున్నాను. నెలకు 30,000 చొప్పున ఆరు నెలల ఒప్పందం. పది శాతం కోసుకుని 27,000 ఇస్తారు. సీజన్ అయ్యాక కేరళలోని మలప్పురం వెళ్లి సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు ఆడే ఫుట్‌బాల్, ఆడతాను. మ్యాచ్‌కు 2,500 ఇస్తారు, ఏడాదికి 45 మ్యాచ్‌ల దాకా దొరుకుతాయి. ఇంటి దగ్గర ఉన్న నాలుగు నెలలు ఒక అకాడమీలో పిల్లలకు నేర్పిస్తే నెలకు 8,000 వస్తుంది. నా భార్య టైలరింగ్‌లో నెలకు 6,000 సంపాదిస్తుంది. మాకు రెండేళ్ల పాప. ఇంటి ఖర్చు అద్దెతో కలిపి 26,000. బ్యాంకులో 1,40,000 ఉంది. లక్ష రూపాయల చిట్టీ 25 నెలలది, నెలకు 4,000 చొప్పున 14 నెలలు కట్టాను, ఇంకా పాడలేదు. బంగారం మీద 90,000 అప్పు ఉంది, నూటికి రూపాయి వడ్డీ. అంతకుముందు ఆడిన క్లబ్ రెండు నెలల జీతం 50,000 ఇవ్వలేదు. ఇప్పుడు మా బావమరిది, ఇద్దరు స్నేహితులు కలిసి టర్ఫ్ గ్రౌండ్, అంటే కృత్రిమ గడ్డి పరిచి ఆటకు అద్దెకిచ్చే మైదానం, పెడదామంటున్నారు. నా వాటా 5 లక్షలు. ఉన్న డబ్బు తీసి, చిట్టీ పాడి, మిగతాది పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. పెట్టమంటారా?

జవాబు: పెట్టొద్దు. ఆటలో ఉన్నవాడు ఆటకు సంబంధించిన వ్యాపారమే చేయాలనుకోవడం సహజం. అందులో నాకు అభ్యంతరం లేదు. ఈ 5 లక్షలు మీ దగ్గర లేవన్నదే ఇక్కడ ఇబ్బంది. బ్యాంకులో ఉన్న 1,40,000 మిగులు డబ్బులా కనిపిస్తోంది కానీ కాదు. అది మీకు జీతం రాని నెలల జీతం.

లెక్క వేద్దాం. క్లబ్ నుంచి కోతకు ముందు లెక్కన ఏడాదికి 1,80,000 (ఆ కోత సంగతి తర్వాత చెబుతాను), సెవెన్స్‌లో 1,12,500, కోచింగ్‌లో 32,000, మీ ఇంటావిడ సంపాదన 72,000. మొత్తం 3,96,500. ఇంటి ఖర్చు 3,12,000 తీసేస్తే 84,500 మిగులుతుంది. అందులో చిట్టీకి 48,000, బంగారం వడ్డీకి 10,800 పోతాయి. చివరికి మిగిలేది 25,700. చిట్టీలో డివిడెండ్ పోను మీరు కొంచెం తక్కువే కడుతుంటారు, సులువుగా ఉంటుందని నిండు కంతు వేశాను.

ఇప్పుడు టర్ఫ్ వాటా సంగతి. చిట్టీ మధ్యలో పాడితే తగ్గింపు పోను చేతికి 75,000 వస్తుందనుకుందాం. మీ 1,40,000 కలిపినా ఇంకా 2,85,000 అప్పు చేయాలి. మీలాంటి ఆదాయానికి పర్సనల్ లోన్ 16 శాతానికి దొరికినా, మూడేళ్ల ఈఎంఐ నెలకు 10,000 దాటుతుంది. ఏడాదికి 1,20,000 కట్టాలి, మిగులు చూస్తే 25,700. పాడేసిన చిట్టీ కంతులు ఎలాగూ ఆగవు. టర్ఫ్ మొదటి నెల నుంచే లాభం పంచకపోతే ఆ ఈఎంఐ మీ కాళ్ల మీదే పడుతుంది. నొప్పి ఉన్నా ఇంజెక్షన్ వేసుకుని సెవెన్స్‌కు దిగే పరిస్థితి అలా వస్తుంది. అది నాకు ఇష్టం లేదు, మీకూ ఉండకూడదు.

భాగస్వామ్యంలో ఇంకో ప్రమాదం ఉంది. మామూలు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లో నష్టం మీ వాటా 5 లక్షల దగ్గర ఆగదు. ఫర్మ్ అప్పులకు ప్రతి భాగస్వామీ సొంత ఆస్తితో సహా బాధ్యుడే. ఫర్మ్ రిజిస్టర్ కాకపోతే భాగస్వాములు ఒప్పందం ప్రకారం తమకు రావలసిన దాని కోసం కోర్టులో దావా వేయడం కూడా కుదరదు. టర్ఫ్ స్థలం సాధారణంగా లీజుదే. లీజు ఎన్నేళ్లు, రిజిస్టర్ అయిందా, ఓనర్ మధ్యలో ఖాళీ చేయమంటే పరిచిన గడ్డి, లైట్లు, వల ఎవరివి? ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబు లేకుండా బావమరిది మాట మీద వెళ్లకండి. వ్యాపారం దెబ్బతింటే చుట్టరికం కూడా దెబ్బతింటుంది.

ఇక అసలు విషయం. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ గొప్పతనం వెనుక ఒక ఆర్థిక కారణం కూడా ఉంది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. డిపార్ట్‌మెంట్ జట్టులో ఆడితే ఉద్యోగం ఉంటుంది, సెలవు, వైద్యం, పెన్షన్ ఉంటాయి. పోలీసు, రైల్వే, బ్యాంకు జట్లు అలా ఎన్నో కుటుంబాలను నిలబెట్టాయి. మీ ఊరివాడే, అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కూడా స్థానిక జట్ల నుంచి కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు. చివరికి రైల్వే జట్టు బీఎన్ఆర్‌లో చేరారు. అంతటి ఆటగాడు కూడా అనారోగ్యంతో ముప్పై నిండకముందే ఆట ఆపాల్సి వచ్చింది.

మీ తరానికి డిపార్ట్‌మెంట్ నీడ తగ్గింది, క్లబ్ కాంట్రాక్టు వచ్చింది. క్లబ్బులే నిలవని రోజులివి. జాతీయ లీగ్ మొదటి విజేత జేసీటీ 2011లో మూతపడింది. 2006లో జాతీయ లీగ్ గెలిచిన మహీంద్రా యునైటెడ్‌ను 2010లో మూసేశారు. 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ట్రోఫీలు గెలిచిన క్లబ్బుల గతే ఇది, ఆరు నెలల ఒప్పందం ఇచ్చే చిన్న క్లబ్‌ను నమ్ముకుని ఏం ప్లాన్ చేస్తారు? కాబట్టి మీ యజమాని మీరే. ఉద్యోగికి కంపెనీ చేసే పనులన్నీ, అంటే నెలనెలా జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, మీరే మీకు చేసుకోవాలి.

మొదట జీతం. రెండు ఖాతాలు పెట్టుకోండి. క్లబ్, సెవెన్స్, కోచింగ్ డబ్బంతా ఒకదాంట్లో పడాలి. ప్రతి ఒకటో తేదీన అందులోంచి 20,000 ఇంటి ఖాతాకు వెళ్లాలి, మీ ఇంటావిడ 6,000 తోడై ఖర్చు సరిపోతుంది. సెవెన్స్ డబ్బు చాలాసార్లు మ్యాచ్ అయిన రాత్రే చేతికి నగదుగా వస్తుంది, అలాగే కరిగిపోతుంది. మర్నాడు పొద్దున్నే డిపాజిట్ చేసే అలవాటు చేసుకోండి, లేదా మేనేజర్‌ను ఫోన్‌పేలో వేయమనండి. ఆరు నెలల ఇంటి ఖర్చు 1,56,000. మీ 1,40,000 దాదాపు దానికి సరిపోతోంది. అందులో లక్షను చిన్న చిన్న ఎఫ్‌డీలుగా విడగొట్టి వేయండి, మిగతాది సేవింగ్స్‌లో ఉంచండి. దాని జోలికి ఇక ఎవరూ రాకూడదు.

తర్వాత, మీరు వదిలేసిన డబ్బు. క్లబ్ కోసుకున్న పది శాతం టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను, ఏడాదికి 18,000. అది క్లబ్ తిన్నది కాదు, మీ పాన్ మీద ప్రభుత్వానికి కట్టింది. కట్టారో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26ఏఎస్ అనే పన్ను పట్టిక తెరిస్తే కనిపిస్తుంది. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయంపై పన్ను లేదు కాబట్టి, రిటర్న్ వేస్తే ఆ 18,000 మొత్తం వెనక్కి వస్తుంది. మీది జీతం కింద కాకుండా వృత్తి ఆదాయం కింద చూపిన సొమ్ము కనుక రిటర్న్ ఫారం వేరుగా ఉంటుంది. ఒక ఆడిటర్‌కు కొంత ఫీజు ఇచ్చి చేయించుకోండి. సెవెన్స్, కోచింగ్ ఆదాయం కూడా చూపించాలి. దాచాల్సిన పని లేదు, చూపినా పన్ను పడదు. పాత సంవత్సరాల టీడీఎస్ ఉంటే, ఆలస్యానికి మన్నింపు కోరుతూ దరఖాస్తు పెట్టే వీలుంది, అదీ అడగండి. రిటర్న్ వేస్తే ఇంకో లాభం, రేపు బ్యాంకు అప్పు కావాలన్నా, ఇల్లు కొనాలన్నా మీ ఆదాయానికి కాగితం రుజువు ఉంటుంది.

పాత క్లబ్ బాకీ 50,000 వదలకండి. మీకు సంతకం చేసిన ఒప్పందం ఉందా, ఫెడరేషన్ రిజిస్ట్రేషన్ వ్యవస్థలో మీరు ప్రొఫెషనల్‌గా నమోదయ్యారా, అమెచ్యూర్‌గానా అన్నది ముందు చూడండి. చాలామంది కుర్రాళ్లకు ఈ తేడా తెలియకుండానే సీజన్లు గడిచిపోతాయి. ఫిఫా నియమాల ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉండి, ఆటకయ్యే ఖర్చుకు మించి డబ్బు పొందేవాడే ప్రొఫెషనల్. క్లబ్‌కు ఈమెయిల్‌లో బాకీ వివరం రాసి 15 రోజుల గడువు ఇవ్వండి. బ్యాంకు స్టేట్‌మెంట్, మేనేజర్‌తో వాట్సాప్ మాటలు అన్నీ భద్రపరచండి. గడువు దాటితే ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ప్లేయర్ స్టేటస్ కమిటీకి ఫిర్యాదు పంపండి. ఫుట్‌బాల్ ప్లేయర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా సాయం కూడా అడగండి, ఆటగాళ్ల సంఘం ఉన్నదే ఇందుకు. గొడవ చేస్తే మళ్లీ ఎవరూ పిలవరేమోనని మీరు భయపడుతుండవచ్చు. మర్యాదగా, రాతలో అడిగితే పేరు చెడదు. ఇకముందు సంతకం పెట్టేటప్పుడు జీతం తేదీ, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదన్నవి ఒప్పందంలో లేకపోతే రాయమని అడగండి.

గాయం గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, నన్ను కంగారు పెడుతున్నది అదే. మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగితే ఆపరేషన్, ఫిజియోథెరపీ కలిపి లక్షల్లో అవుతుంది, మళ్లీ మైదానంలోకి రావడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు, కొన్నిసార్లు ఏడాది పడుతుంది. సెవెన్స్ మైదానంలో అలా జరిగితే మీకు ఏ క్లబ్బూ లేదు. 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి రెండూ బ్యాంకులో తీసుకోండి, తప్పక తీసుకోండి. అయితే సురక్షా బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికే డబ్బిస్తుంది. లిగమెంట్ తెగితే పైసా రాదు. కాబట్టి ముగ్గురికీ కలిపి 5 లక్షల ఫ్యామిలీ హెల్త్ పాలసీ ఉండాలి. వృత్తి దగ్గర ఫుట్‌బాల్ ఆటగాడు అని నిజం రాయండి. విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకుంటే, వృత్తిగా ఆడే ఆటల్లో అయిన గాయాలకు మినహాయింపు ఉందేమో చదవండి, చాలా పాలసీల్లో ఉంటుంది. మినహాయింపు లేకుండా, పని చేయలేని వారాలకు వారం వారం డబ్బిచ్చే పాలసీ దొరికితే కొంచెం ఎక్కువైనా తీసుకోండి. పాప ఉంది కనుక 50 లక్షల టర్మ్ పాలసీ కూడా అవసరం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాపై జీఎస్టీ లేదు. మొదటి ఏడాది మీ మిగులంతా ఈ ప్రీమియంలకే పోవచ్చు. పోనివ్వండి.

చిట్టీ పాడకండి. రిజిస్టర్ అయిన కంపెనీదేనా అని మాత్రం ఇవాళే కనుక్కోండి. ఇంకో 11 నెలలు ఆగితే చివర్లో కమీషన్ పోను 93,000 దాకా చేతికొస్తుంది, దాంతో బంగారం విడిపించండి. మధ్యలో 50,000 వసూలైతే ముందే అసలులో కట్టేయండి. అక్కడి నుంచి చిట్టీ 4,000, వడ్డీ 900, కలిపి నెలకు 4,900 ఖాళీ అవుతుంది. దాన్ని రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 7 శాతం వడ్డీ లెక్కన ఆరేళ్లకు 4.3 లక్షలు దాటుతుంది. ఆట మానే రోజున మీకు మీరే ఇచ్చుకునే గ్రాట్యుటీ అది. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు చెడ్డవని కాదు, సరిగ్గా మీకు డబ్బు అవసరమైన ఏడాదే మార్కెట్ పడితే తట్టుకునే స్థితి ఇప్పుడు మీకు లేదు.

సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి. రైల్వే స్పోర్ట్స్ కోటాకు 25 ఏళ్ల పరిమితి కాబట్టి అది దాటిపోయింది. కానీ తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం క్రీడా కోటా ఉంది. సంతోష్ ట్రోఫీకి రాష్ట్రం తరఫున ఎప్పుడైనా ఆడి ఉంటే ఆ కాగితం చాలా విలువైనది. నోటిఫికేషన్ పడినప్పుడు ఏ స్థాయి ఆటకు అర్హత ఇచ్చారో చదివి దరఖాస్తు చేయండి. ఈ ఖాళీ నెలల్లోనే ఫెడరేషన్ డీ లైసెన్స్ కోచింగ్ కోర్సు చేయండి, ఆ తర్వాత సీ లైసెన్స్. నెలకు 8,000 ఇచ్చే అకాడమీ దగ్గర లైసెన్స్ ఉన్న కోచ్‌గా జీతం మాట్లాడటం వేరు.

టర్ఫ్ మీద మనసు ఉంటే బావమరిదికి ఇలా చెప్పండి: డబ్బు పెట్టను, పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు పిల్లల కోచింగ్ నేను నడుపుతాను, ఆ ఫీజులో సగం టర్ఫ్‌కు, సగం నాకు. పొద్దున పూట టర్ఫ్‌లు చాలావరకు ఖాళీగానే ఉంటాయి కనుక వాళ్లకూ నష్టం లేదు. మీరు కోల్‌కతాలో ఉన్న నెలల్లో ఆ బ్యాచ్ ఎవరు చూస్తారు, ఫీజు ఎవరి ఖాతాలో పడుతుంది అన్నవి ముందే రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే, సంతకం పెట్టే ముందు ఆ కాగితం నాకు పంపండి, చూస్తాను.