ఓటీఎస్ అయ్యాక లోన్‌తో అంటగట్టిన బీమా డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: పదేళ్ల వ్యవధికి ఒక బ్యాంకులో ఇంటి తనఖా మీద లోన్ తీసుకున్నాను. ₹60,000 సింగిల్ ప్రీమియం బీమాను అందులోనే కలిపేశారు. అది లేకపోతే లోన్ రాదన్నారు. వ్యాపారం దెబ్బతిని అయిదేళ్లకు వన్‌టైమ్ సెటిల్‌మెంట్ (ఓటీఎస్, అంటే బాకీలో కొంత మాఫీతో ఒకేసారి కట్టి ముగించడం) చేసుకున్నాను. బాకీ లేదని నో డ్యూస్ పత్రం కూడా ఇచ్చారు. బీమా సంగతి అడిగితే ‘సెటిల్‌మెంట్‌తో అన్నీ ముగిశాయి’ అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సగమే నిజం. మీకు రావాల్సినవి రెండు వేర్వేరు డబ్బులు. రెండూ కలిపి ఒకే ఉత్తరంలో అడగడం వల్లే చాలామందికి ఏదీ రాదు.

మొదటిది, మిగిలిన కాలానికి ప్రీమియం వాపసు. ఇందులో మోసం జరిగిందని రుజువు చేయక్కర్లేదు. లోన్ ముందే ముగిస్తే కవర్ కొనసాగించుకోవడమో, సరెండర్ చేయడమో (పాలసీ వదులుకుని మిగిలిన డబ్బు తీసుకోవడం) మీ ఇష్టమని ఇలాంటి గ్రూప్ పాలసీల్లో సాధారణంగా ఉంటుంది. లెక్క మీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్‌లోనే దొరుకుతుంది. అందులో 70 శాతం అని ఉందనుకుందాం. 120 నెలల్లో 60 మిగిలితే, 60,000లో 70 శాతం 42,000, అందులో సగం ₹21,000. లోన్‌తో పాటు కవర్ తగ్గుతూ వచ్చే పాలసీ అయితే ఇంకా తక్కువ వస్తుంది. సాధారణంగా లోన్ మూసిన రోజు నుంచి కాక మీరు సరెండర్ అడిగిన రోజు నుంచే లెక్కిస్తారు కాబట్టి, గడిచిన ప్రతి నెలా మీకే నష్టం. బీమా ఉన్న వ్యక్తికి జబ్బు ఉండి, కొత్త పాలసీ దొరకని పరిస్థితి అయితే మాత్రం సరెండర్‌కు తొందరపడకండి. కట్టేసిన కవర్ ఊరికే పోగొట్టుకున్నట్టవుతుంది.

సరెండర్ ఉత్తరం బీమా కంపెనీకి రాయాలి. నో డ్యూస్ కాపీ, సర్టిఫికెట్, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేసి, డబ్బు మీ సేవింగ్స్ ఖాతాకే వేయమని స్పష్టంగా అడగండి. గ్రూప్ మొత్తానికి ఉండే మాస్టర్ పాలసీ బ్యాంకు పేరున ఉంటుంది కాబట్టి, చెప్పకపోతే సొమ్ము మూసేసిన లోన్ ఖాతా వైపు వెళ్లి అక్కడే చిక్కుకుంటుంది.

రెండోది, బలవంతంగా అంటగట్టినందుకు మొత్తం ప్రీమియం వాపసు. ఇది కష్టం. ఇక్కడే ఓటీఎస్ లెటర్ అక్షరం అక్షరం చదవాలి. ‘బ్యాంకుపై ఇకమీదట ఎలాంటి క్లెయిమూ ఉండదు’ అని మీరు సంతకం చేసి ఉంటే బ్యాంకు దాన్నే చూపిస్తుంది. ‘బీమా వాపసులు బ్యాంకుకే చెందుతాయి’ అన్న వాక్యం ఉంటే మొదటి డబ్బుకూ అడ్డం వస్తుంది. అలాంటివేమీ లేకపోతే, నో డ్యూస్ ఇచ్చాక సర్దుకోవడానికి బాకీయే లేదు. ‘మేం ఇంత మాఫీ చేశాం కదా’ అనేది బేరంలో మాట, దానికి లొంగకండి. పైగా ఆ లెటర్ మీకూ బ్యాంకుకూ మధ్య జరిగింది, బీమా కంపెనీ అందులో లేదు.

రుజువులు కావాలి. శాంక్షన్ లెటర్, ప్రీమియం కోత కనిపించే లోన్ స్టేట్‌మెంట్, మీ సంతకమున్న ప్రపోజల్ ఫారం (బీమా దరఖాస్తు), వెరిఫికేషన్ కాల్ రికార్డింగ్ కాపీలు అడగండి. ఫారంలో ఆదాయం, వృత్తి తప్పుగా నింపి ఉంటే అదే మీకు గట్టి ఆధారం. ‘రాబడి బాగాలేదు’ అని రాస్తే మాత్రం కేసు అక్కడే పోతుంది. లోన్‌లో కలిసిన ప్రీమియం మీద వడ్డీ కూడా అడగాలి. 12 శాతం వడ్డీతో 120 నెలలకు ₹60,000 మీద ఈఎంఐ సుమారు ₹861 పడుతుంది. దీన్ని లెక్కలో చూపిస్తూ, మీరు నిజంగా కట్టిన కిస్తుల మేరకే అడగండి.

ఈ ఫిర్యాదును ఒకే రోజు ఇద్దరికీ పంపండి, లేకపోతే బ్యాంకు కంపెనీని, కంపెనీ బ్యాంకును చూపిస్తూ తిప్పుతాయి. కంపెనీ నెలలో జవాబివ్వకపోయినా, కాదన్నా బీమా ఫిర్యాదులు పరిష్కరించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ₹50 లక్షల దాకా అధికారం ఉంది. తిరస్కరణ అందిన ఏడాదిలోగా వెళ్లాలి. మళ్లీ మళ్లీ అదే ఫిర్యాదు రాస్తే గడువు పెరుగుతుందనుకోకండి, మొదటి తిరస్కరణ తేదీనే పట్టుకోండి. బ్యాంకు మీద ఫిర్యాదుకైతే 30 రోజులు చూసి రిజర్వ్ బ్యాంక్ ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌కు వెళ్లాలి. లోన్ ఇచ్చింది హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంక్ చూస్తుంది. వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంటే అదే విషయాన్ని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ తీసుకోడు, కాబట్టి ముందు దారి ఎంచుకోండి. కమిషన్‌కు గడువు రెండేళ్లు.

ఇంకో మాట. తనఖా పత్రాలు చేతికొచ్చాయా? 2023 డిసెంబరు 1 తర్వాత సెటిల్ అయిన లోన్లకు 30 రోజుల్లో ఇవ్వాలి. తప్పు బ్యాంకుదైతే ఆలస్యమైన రోజుకు ₹5,000 చొప్పున మీకు చెల్లించాలి.

ప్రశ్న: మా లోన్ లోక్ అదాలత్‌లో రాజీ అయింది. మాకూ ఇదే దారి వర్తిస్తుందా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. రాజీ షరతుల్లో ‘ఇరుపక్షాల క్లెయిములన్నీ’ అని రాసుకుని ఉంటే బ్యాంకు మీద ముందుకెళ్లడం దాదాపు అసాధ్యం. అవార్డు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుని, బీమా ప్రస్తావన ఉందో లేదో చూడండి. లేకపోతే మిగిలిన కాలపు ప్రీమియం కంపెనీ నుంచి అడగడానికి అడ్డు ఉండకూడదు.

ప్రశ్న: ఫిర్యాదు పెట్టిన వారానికే ‘ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, రిఫండ్ మంజూరైంది, జీఎస్టీ కడితే విడుదల చేస్తాం’ అని ఫోన్ వచ్చింది. – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కట్టకండి. ఐఆర్‌డీఏఐ బీమా కంపెనీల నియంత్రణ సంస్థ, ఎవరికీ రిఫండ్లు పంచదు. ముందుగా పన్ను కట్టించుకుని డబ్బు విడుదల చేసే పద్ధతి కంపెనీల్లోనూ, అంబుడ్స్‌మన్ దగ్గరా లేదు. ఆ నంబరు మీద సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఇంకా త్వరగా, ఆ గంటలోనే చేయండి.