పాత ఇంటి పునాదుల్లో పెంకులు, గుండీలు దొరికాయా? ముందు ఏరడం ఆపండి

సిడ్నీ శివార్లలో మీరు కొన్న స్థలంలో తెల్లవాళ్ల కాలం నాటి చిన్న ఇంటి పునాదులు బయటపడ్డాయనీ, నీలం బొమ్మల పింగాణీ పెంకులు, సీసా ముక్కలు, గుండీలు కనిపిస్తున్నాయనీ, ఏరి దాచుకుంటే ధర పలుకుతుందా అనీ అడిగారు.

ధర మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఆ నీలం పెంకులు ఆనాటి ఇంగ్లండు కంపెనీలు చైనా పింగాణీని అనుకరించి కుప్పలుతెప్పలుగా చేసినవి. పేదిళ్లలో కూడా ఉండేవి.

నేను పురావస్తు నిపుణుణ్ణి కాదు, కంప్యూటర్ల ఉద్యోగిని. కొన్నేళ్ల కిందట సిడ్నీ దగ్గరి హాక్స్‌బరీ నది పక్కన ఒక రెండు గదుల ఇంటి తవ్వకానికి వాలంటీర్లు కావాలంటే వెళ్లి, నాలుగు వారాల పాటు శని, ఆదివారాలు జల్లెడ పట్టాను. అది దారుగ్ అనే ఆదివాసుల నేల, ఆ నదిని వాళ్లు డైరబ్బిన్ అంటారు. 1794లో తెల్లవాళ్లు అక్కడ సేద్యానికి దిగారు. మేం తవ్విన ఇల్లు మాత్రం 1840ల నాటిదన్నారు.

మొదటిరోజు నా ఆశంతా వరహాల మీదే. నవ్వకండి. ఇక్కడి బ్రిటిష్ వలసకు సొంత నాణేలు లేని రోజుల్లో ఓడల్లో వచ్చిన ప్రతి నాణెమూ చెల్లేది. 1800లో ఇక్కడి గవర్నర్ ఫిలిప్ కింగ్ ఏది ఎంతకు చెల్లాలో ప్రకటించిన పట్టికలో మన వరహా (వాళ్లు పగోడా అనేవారు) 8 షిల్లింగులకు, రూపాయి రెండున్నర షిల్లింగులకు ఉన్నాయి. సరే, నాకు దొరికినవి మేకులు. తుప్పు మేకులు, వంకర మేకులు, మళ్లీ మేకులు.

రెండోరోజు జల్లెడలో బూడిదరంగు సన్నపుల్ల ఒకటి మిగిలింది. పక్కనున్న కాలేజీ కుర్రాడు దాన్నీ మేకుల డబ్బాలో వేయబోతుంటే "బలపం!" అని అరిచేశాను. అమ్మ చూడకుండా బలపాలు నమిలిన నోరిది, ఆ మాత్రం పోల్చుకోనా? ఆ తర్వాత మరో ఆరు దొరికాయి. అన్నీ ఒకే గదిలో, కిటికీ ఉండిన చోట, నేలచెక్కల సందుల్లోంచి జారిపడ్డవే. వాటితో పాటు గుండుసూదులు, తెల్ల గుండీలు. వెలుతురున్న చోట తల్లి కుట్టుకుంటూ పిల్లల చేత అక్షరాలు దిద్దించేదేమో అన్నాను. మా తవ్వకం నడిపినావిడ, "బాగుంది, కానీ తల్లి అని నీకెవరు చెప్పారు?" అంది. నిజమే, బలపాలు ఎక్కడ పడ్డాయో చెప్పాయి గానీ ఎవరి చేతిలోంచి పడ్డాయో చెప్పలేదు.

అసలు విలువంతా ఆ "ఎక్కడ"లోనే ఉంది. పై పొరలో ఒక ఆకుపచ్చ గాజుగోలీ, దాని పక్కనే సీసా మెడ దొరికాయి. మన గోలీసోడాయే! హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు ఆయన ఆ సీసాకు పేటెంటు తీసుకున్నది 1872లో. అంటే ఆ పొర అంతకు ముందు పడి ఉండే అవకాశమే లేదు. ఒక పొరలో ఎంత పాత వస్తువులున్నా, అన్నిటికంటే కొత్తదే దాని వయసుకు సాక్షి. ఆ గోలీని ఎవరైనా ముందే జేబులో వేసుకుని ఉంటే ఈ లెక్క దక్కేది కాదు. నేనూ తక్కువ తినలేదు లెండి. తెల్లమట్టి పొగాకు పైపు ముక్క ఒకటి సంచిలో వేసి, తవ్వే నేలను విడదీసిన గళ్లలో అది ఏ గడిదో ఆ నంబరు రాయడం మరిచాను. సాయంత్రానికి అది పొయ్యి దగ్గరిదో చెత్తగుంటలోదో చెప్పేవాళ్లు లేరు.

గోడల సున్నంలో ఆల్చిప్ప తునకలు కనిపించాయి, మన కోస్తాలో గుల్లసున్నం ఉన్నట్టే. తొలినాళ్లలో సిడ్నీ దగ్గర సున్నపురాయి దొరక్క గుల్లలు కాల్చేవారు. ఆదివాసులు తరతరాలుగా తిని వదిలిన గుల్లల దిబ్బలను కూడా తవ్వి బట్టీల్లో వేశారు. అది విన్నాక ఆ గోడను చూసే చూపు మారిపోయింది.

ఇంకొకటి. నల్ల సీసా అడుగుముక్క ఒకదాని అంచు వరసగా చెక్కినట్టుంది. పగిలిందని పక్కన పెట్టబోయాను. అది పగిలింది కాదట. ఆదివాసులు రాతిని చెక్కినట్టే సీసాగాజునూ చెక్కి గీకుడు పనిముట్లు చేసుకునేవారు. మీ కుప్పలో కూడా అలాంటిది "గాజుపెంకు"గా పడి ఉండొచ్చు.

ఇక చట్టం. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1977 వారసత్వ చట్టం ఉంది. పాత అవశేషాలు ఉన్నాయని తెలిసీ అనుమతి లేకుండా తవ్వితే నేరం, స్థలం మీదైనా సరే. కాబట్టి పార దించేసి, ఉన్నవి ఉన్నచోటే పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. రాష్ట్ర వారసత్వ విభాగానికి తెలియజేయండి. మీ స్థానిక కౌన్సిల్‌లో (మన మునిసిపాలిటీ లాంటిది) వారసత్వ సలహాదారు ఉన్నారేమో కూడా అడగండి. ఈలోగా పిల్లలతో సిడ్నీలోని ద రాక్స్ అనే పాత పేటలో కంబర్లాండ్ వీధికి వెళ్లి రండి. 1994లో అక్కడ జరిగిన తవ్వకంలో లక్షల వస్తువులు బయటపడ్డాయి. పునాదులను అలాగే ఉంచి, పైన యూత్ హాస్టల్ కట్టారు.

ఇప్పటికే ఏరినవి ఉంటే కడగకండి. ఏది ఎక్కడ దొరికిందో గుర్తున్నంత వరకు ఇవాళే చీటీ మీద రాసి, దాని సంచిలోనే వేయండి.