బొమ్మ చూపే ముందు గీయించు

చిరంజీవికి ఆశీస్సులు.

ఈ సంవత్సరం ఫూరియర్ శ్రేణులను (ఒక తరంగాన్ని సైన్, కొసైన్ పదాల మొత్తంగా రాయడం) కంప్యూటర్ ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్ గ్రాఫులతో బోధించబోతున్నానని రాశావు. మ్యాథమెటికా వాడినా, ఉచితంగా దొరికే మాక్సిమా వాడినా, విద్యార్థి తన ఊహను కాగితం మీద గీశాకే తెర మీద బొమ్మ కనిపించాలి.

+1, −1 మధ్య మారుతూ, సున్నా దగ్గర −1 నుంచి +1కి ఒక్కసారిగా గెంతే, 2π ఆవర్తనం గల చతురస్ర తరంగాన్నే తీసుకో. దాని శ్రేణిలో సున్నా కాని మొదటి 5 పదాల మొత్తాన్ని చూపి, గెంతు పక్కన లేచిన శిఖరం 50 పదాలకు ఎంత ఎత్తుంటుందో గీయమని అడుగు. చాలామంది బాగా తగ్గించి గీస్తారు. అసలు గ్రాఫులో మాత్రం శిఖరం గెంతుకు దగ్గరగా జరుగుతుందే గాని, ఎత్తు 1.18 దగ్గరే ఉండిపోతుంది. నిలువు అక్షం పరిధిని రెండింటికీ −1.5 నుంచి 1.5 వరకు నువ్వే నిర్ణయించు. సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే ఒక్కో బొమ్మకు ఒక్కో కొలత వేసి పోలికను చెడగొట్టవచ్చు.

తరగతి ఆశ్చర్యంలో ఉండగానే సుద్దముక్క అందుకో. అవకలజాన్ని సున్నా చేస్తే, పదాల సంఖ్యకు రెట్టింపుతో πని భాగించిన చోట మొదటి శిఖరం వస్తుందనీ, అక్కడి విలువ (సైన్ టీ)/టీకి సున్నా నుంచి π వరకు రాసిన రీమాన్ మొత్తానికి (సమాకలనిని సన్నని పట్టీల మొత్తంగా రాసిన రూపానికి) 2/π రెట్లనీ తేలుతుంది. అవధిలో అదే 1.179. శిఖరం ఇలా తగ్గకుండా ఉండడాన్ని ఆంగ్ల గణితవేత్త విల్‌బ్రహమ్ 1848లోనే ప్రకటించినా, దానికి 1899లో రాసిన అమెరికా శాస్త్రవేత్త గిబ్స్ పేరే స్థిరపడింది. ఈ ముచ్చట రెండు నిమిషాలు మించనివ్వకు.

ఒకసారి నేను 200 పదాలకు గీస్తే శిఖరాలు కొన్ని పొట్టిగా, కొన్ని పొడవుగా వచ్చాయి. ఎత్తు తగ్గిందని ఒక విద్యార్థి సంబరపడితే, నేనూ కాసేపు తడబడ్డాను. సాఫ్ట్‌వేర్ కొన్ని బిందువుల దగ్గరే విలువ కట్టి వాటిని గీతలతో కలుపుతుంది కనుక, బిందువుల ఎడం శిఖరం వెడల్పును మించితే కొన తప్పిపోతుంది. మ్యాథమెటికాలో బిందువుల సంఖ్యను నిర్ణయించే ప్లాట్‌పాయింట్స్ విలువ పెంచితే అది తిరిగి కనబడుతుంది. టాంజెంట్ గ్రాఫులో అప్పుడప్పుడు వచ్చే నిలువు గీతకూ ఇదే కారణం.

పదాల సంఖ్యను మార్చే స్లైడరును చివరి గంటలోనే ఇవ్వు. ముందే ఇస్తే వాళ్లు జరుపుతూ కూర్చుంటారు తప్ప ఆలోచించరు. పరీక్షలో మాత్రం తక్కువ బిందువులతో గీసిన గ్రాఫు ఒకటి ఇచ్చి, అందులో ఏది ప్రమేయం లక్షణమో, ఏది సాఫ్ట్‌వేర్ గీసిన తీరు వల్ల వచ్చిందో లెక్కతో చూపమని అడుగు.