ఇంటిపేరుకి కోట్ ఆఫ్ ఆర్మ్స్ ఉంటుందా? ఒకటి కొని నాలుక కరుచుకున్నవాడి జవాబు

మీ లండన్ మేనేజర్ ఇంటిపేరు టేలర్ అని, ఆయనకి 'టేలర్ వారి కోట్ ఆఫ్ ఆర్మ్స్' (డాలు బొమ్మతో ఉండే గౌరవ చిహ్నం) చెక్కిన పలక బహుమతిగా ఇద్దామనుకుంటున్నానని రాశారు. అది అసలైనదేనా, మన ఇంటిపేర్లకి కూడా అలాంటివి ఉన్నాయా అని అడిగారు. చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే నేనూ ఇదే పని చేశాను. ముందే చెప్పేస్తున్నా, కొనకండి.

నేను ఎడిన్‌బరోలో ఉద్యోగం చేసే రోజుల్లో మా టీమ్‌లో ఒక పెద్దాయన రిటైరయ్యాడు. అందరి దగ్గరా చందా వసూలు చేసి బహుమతి కొనే పని నా నెత్తిన పడింది. టూరిస్టులు తిరిగే వీధిలో ఒక కొట్టుంది. అక్కడివాడు ఆయన ఇంటిపేరు కంప్యూటర్‌లో కొట్టాడు. రెండు నిమిషాల్లో డాలు, దాని మీద శిరస్త్రాణం, ఆపైన ఒక సింహం, కింద లాటిన్‌లో ఏదో నీతివాక్యం తెర మీదికి వచ్చాయి. ఫ్రేమ్‌తో కలిపి నలభై పౌండ్లు. భలే దొరికిందనుకున్నాను.

వీడ్కోలు రోజు ఆయన కాగితం విప్పి చూసి పగలబడి నవ్వాడు. "మా తాత డర్హమ్‌లో బొగ్గు గని కూలీ. ఆయనకి ఈ సింహాన్ని ఎవరిచ్చినట్టు?" అన్నాడు. 'ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు' అని మా నాయనమ్మ అనే మాట గుర్తొచ్చింది, కానీ దాన్ని ఆయనకి ఇంగ్లీషులో ఎలా చెప్పను? తర్వాత కుతూహలం కొద్దీ కూర్చుని చదివితే అసలు సంగతి బోధపడింది.

ఇంగ్లండ్‌లో ఈ చిహ్నం ఇంటిపేరుకి ఇచ్చేది కాదు, ఒక మనిషికి ఇచ్చేది. 1484లో మూడో రిచర్డ్ రాజు సనదు ఇచ్చిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ లండన్‌లో నేటికీ ఉంది, ఇచ్చే అధికారం అక్కడి అధికారులదే. ఒకసారి ఇచ్చాక అది ఆ మనిషికి, ఆయన మగసంతతి వరసలో వచ్చే వారసులకి చెందుతుంది. అదే ఇంటిపేరున్న పక్కవీధి మనిషికి దాంతో సంబంధం ఉండదు.

షేక్‌స్పియర్ కుటుంబం కథ చూడండి. ఆయన తండ్రి స్ట్రాట్‌ఫర్డ్‌లో చేతితొడుగులు కుట్టి అమ్మేవాడు. 1596 అక్టోబరులో ఆయనకి చిహ్నం మంజూరైంది. బంగారు రంగు డాలు, దాని మీద ఏటవాలుగా నల్లటి పట్టీ, ఆ పట్టీలో ఒక ఈటె. ఇంటిపేరులో 'స్పియర్' ఉంది కాబట్టి ఈటె పెట్టారు, ఇలాంటి మాటల ఆటలు ఈ విద్యలో మామూలే. నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఆ ఈటె కాదు. మగవారసుల వరసలో నడవాల్సిన ఆ చిహ్నం ఇంటికొచ్చే సమయానికి విలియం ఒక్కగానొక్క కొడుకు హామ్నెట్ చనిపోయి రెండు నెలలే అయింది. పదకొండేళ్ల పిల్లవాడు.

ఆ కాలం వాళ్లకి ఇది గోడమీద బొమ్మ కాదు, ఆస్తి. 1385లో స్క్రోప్, గ్రోవెనర్ అనే ఇద్దరు నైట్లు నీలం డాలు మీద ఒకే బంగారు పట్టీతో యుద్ధానికి వచ్చారు. 'నాదంటే నాది' అని కేసు ఏళ్లతరబడి నడిచింది. సాక్షులు వందలమంది, వాళ్లలో కవి చాసర్ ఒకడు. గ్రోవెనర్ ఓడిపోయాడు. ఆ కడుపుమంట ఎంతకాలం మిగిలిందంటే, 1880లో ఆ వంశంవాడైన వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ గుర్రం డెర్బీ పందెం గెలిచింది, దాని పేరు బెండ్ ఆర్. అంటే ఆ బంగారు పట్టీయే!

మరి కొట్టువాళ్లు అమ్మేదేమిటి? వివిధ కాలాల్లో చిహ్నాలు పొందినవాళ్ల జాబితాలు 19వ శతాబ్దంలోనే లావుపాటి పుస్తకాలుగా అచ్చయ్యాయి. అందులో ఆ ఇంటిపేరున్న ఎవరిదో ఒకటి తీసి పలక మీద ముద్రిస్తారు. గుంటూరు జిల్లాలో మీ ఇంటిపేరే ఉన్న ఎవరిదో పొలం పాస్‌బుక్ జిరాక్స్ తీసి 'ఇదిగో మీ వంశం పొలం' అని మీకు అమ్మినట్టన్నమాట. టేలర్ అంటే దర్జీ. ప్రతి ఊళ్లోనూ దర్జీ ఉండేవాడు కాబట్టి ఆ పేరున్నవాళ్లంతా ఒక్క వంశం అయ్యే అవకాశమే లేదు.

స్కాట్లండ్‌లో పట్టింపు ఇంకా ఎక్కువ. అక్కడ లార్డ్ లయన్ అనే అధికారికి ఏకంగా సొంత కోర్టే ఉంది. తండ్రి చిహ్నాన్ని రెండో కొడుకు ఉన్నదున్నట్టు వాడుకోకూడదు, ఏదో ఒక తేడా పెట్టించుకోవాలి. క్లాన్ అనే వంశ సమూహంలో మామూలు సభ్యుడైతే దాని నాయకుడి చిహ్నంలోని పైభాగాన్ని బెల్టు, బకిల్ బొమ్మ మధ్యలో పెట్టుకుని తిరగొచ్చు. అంటే 'నేను ఆయన మనిషిని' అని చెప్పుకోవడమే తప్ప ఆ చిహ్నం నాదని కాదు. పోలండ్ పద్ధతి వేరు. అక్కడ వేరువేరు ఇంటిపేర్ల జమీందారీ కుటుంబాలు ఎన్నో ఒకే చిహ్నం కింద ఉండేవి. మన గోత్రం తీరు తెలిసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక మన సంగతి. ఇళ్లకి ఇలాంటివి లేవు. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ల నుంచి వచ్చినవే. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనిపిస్తుంది, అందుకే సంబంధం మాట్లాడేటప్పుడు పెద్దలు ఇంటిపేరుతో ఆగకుండా గోత్రం కూడా అడుగుతారు. లాంఛనాలు రాజులవి. తూర్పు చాళుక్యుల రాగిశాసనాల ముద్ర మీద వరాహం, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే అక్షరాలు ఉంటాయి. నిజాం జెండాలోని గుండ్రటి బొమ్మ కుల్చా రొట్టె అంటారు. ఇంగ్లీషు పద్ధతి డాళ్లు మన సంస్థానాధీశులకి వచ్చింది 1877 ఢిల్లీ దర్బారులో. విక్టోరియాని చక్రవర్తినిగా ప్రకటించిన ఆ సభలో వాళ్లకి చిహ్నాలతో కుట్టిన పట్టు పతాకాలు పంచారు. ఒక్కో పతాకాన్ని ఇద్దరు సైనికులు కలిసి మోయాల్సి వచ్చిందట. వాటిని గీసింది బెంగాల్ సివిల్ సర్వీసులోని ఒక అధికారి. పేరు రాబర్ట్ టేలర్! మీ మేనేజర్‌కి చెప్పండి, సంతోషిస్తాడు.

బహుమతికి నా సలహా, ఆయన తాతముత్తాతల ఊరు ఏదో మాటల్లో కనుక్కోండి. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల పాత మ్యాపులు నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, ఇంగ్లండ్ ఊళ్లవి కూడా ఉన్నాయి. ఇళ్ల వరసలు, గనులు, చర్చిలు అన్నీ గీసి ఉంటాయి. సిగ్గుపడి నేను మా పెద్దాయనకి తర్వాత వాళ్ల తాత పనిచేసిన గని ఊరి మ్యాపు ఫ్రేమ్ కట్టించి ఇచ్చాను. నా ముందే వేలు పెట్టి వీధి వెతికి, 'ఇదే ఇల్లు' అని చూపించాడు. దాన్ని హాల్లో తగిలించుకున్నాడు. నా సింహం పలక మాత్రం గరాజ్‌లో, పెయింట్ డబ్బాల వెనకాల ఉంది.